లాకులు లెక్కపెట్టిన చెయ్యి

ముసలాయన కుడిచెయ్యి వణుకుతోందన్న సంగతి ముగ్గురికే తెలుసు. ఆయనకి, ఆయన భార్యకి, నాకు. నరాల డాక్టరుకి కూడా తెలుసనుకోండి, కానీ ఆ మహానుభావుడు బొమ్మల పుస్తకాలు చదివే రకం కాదు. పారిస్‌లో ఉన్న పబ్లిషర్‌కి మాత్రం ఈ మాట చేరకూడదు. చేరిందంటే పడవావిడ ఆయన చేతిలోంచి పోతుంది.

పడవావిడ అంటే ఆయన పుట్టించిన బొమ్మ. రైన్ నది మీద సరుకు పడవ నడుపుకునే ఒంటరి ఆడమనిషి. పొట్టిగా, బొద్దుగా ఉంటుంది, నోరు పెద్దది, ఎవరి మాటా వినదు. ఫ్రాన్స్‌లో ఆమెని తాతలూ ఎరుగుదురు, మనవలూ ఎరుగుదురు. నలభై ఏళ్లుగా ఆమెనే గీస్తూ ఆయన ముసలివాడయ్యాడు, ఆమెకీ జుట్టు నెరిసింది. ఇప్పుడు గీస్తున్నది ఆఖరి పుస్తకం. చివరి పేజీలో ఆమె పడవని ఒడ్డుకి కట్టేసి, దిగి, వెనక్కి చూడకుండా వెళ్లిపోతుంది. ఆయన గీసినంత కాలం కథ ఎటు నడవాలో ఆయన ఇష్టం, ఆయన ముగించేస్తే ఇంకెవరూ కొనసాగించకూడదు. గీయలేని రోజు వస్తే పబ్లిషర్ ఇంకొకరిని పెట్టి ఆమెని నడిపించుకోవచ్చు. వయసులో ఉన్నప్పుడు ఆ షరతుకి నవ్వుతూ సంతకం పెట్టాడట.

ఈ వ్యవహారంలోకి నేనెలా వచ్చానో చెప్పాలి. నాది వరంగల్. పెళ్లికి ముందు హైదరాబాద్‌లో ఒక యానిమేషన్ స్టూడియోలో క్లీనప్ పని చేసేదాన్ని. ఎక్కడో విదేశంలో ఎవరో పెన్సిల్‌తో గజిబిజిగా గీసి పంపిన బొమ్మని తీసుకుని, ఆ పది గీతల్లో అసలు గీత ఏదో పట్టుకుని, దాన్ని ఒక్కటిగా శుభ్రంగా దించడం. మన చెయ్యి ఎక్కడా కనబడకూడదు. కనబడితే సూపర్‌వైజర్ కాగితం నా ముందే చింపేవాడు. బొమ్మలు ఏదో దేశంలో టీవీలో వచ్చేవి, మా పేర్లు ఎక్కడా వచ్చేవి కావు. ఆ రోజుల్లో దాని గురించి నాకు పెద్దగా పట్టింపు ఉండేది కాదు.

తర్వాత మా ఆయనకి బ్లూ కార్డు, అంటే ఉద్యోగ వీసా, వస్తే జర్మనీలోని కార్ల్స్‌రూహె వచ్చాం. తను పొద్దున్నే ట్రామ్ ఎక్కి ఆఫీసుకి పోయేవాడు, పాప బడికి పోయేది, నేను ఇంట్లో కూర్చుని అప్లికేషన్లు పంపేదాన్ని. జవాబులన్నీ ‘లైడర్’ అనే మొదలయ్యేవి, అంటే విచారిస్తున్నాం అని. ఆ మాట చూస్తే చాలు నాకు ఒళ్లు మండిపోయేది. ఒక మధ్యాహ్నం పోస్టతను కింద అంతస్తువాళ్ల పార్సిల్ నా చేతిలో పెట్టి పోయాడు. ఇక్కడ అది మామూలే, ఇంట్లో ఎవరుంటే వాళ్లు తీసుకుని తర్వాత అందజేయాలి. సాయంత్రం పట్టుకెళ్లాను. ముసలాయన తలుపు తీశాడు. వెనకాల బల్ల మీద సగం ఇంకు వేసిన పేజీ ఒకటి ఉంది.

నా నోటికి తాళం ఉండదు. “ఆ భుజం గీత రెండుసార్లు వేశారు. మొదటిది ఒణికితే దాని మీద ఇంకోటి దిద్దారు” అనేశాను, నాకొచ్చిన జర్మన్‌లో.

ఆయన ముఖం ఎర్రబడింది. పార్సిల్ లాక్కుని తలుపు ధడాలున వేశాడు. మర్నాడు ఆయన భార్య, జర్మనావిడ, మెట్లెక్కి పైకొచ్చింది. గుమ్మంలోనే నిలబడి, “అది ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు. మీరెవరు?” అని అడిగింది. గొంతులో కోపం లేదు, భయం ఉంది. క్లీనప్ పని గురించి చెప్పాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని కిందకి తీసుకెళ్లింది.

అలా మొదలైంది. ఆయన పెన్సిల్‌తో పేజీ వేసేవాడు. ఆ గీతలు చీమలు బారు తప్పినట్టు ఉండేవి. వాటిలోంచి ఆయన వేయదలచుకున్న గీతని నేను పట్టుకుని కుంచెతో ఇంకు వేసేదాన్ని. ఆయన వెనక నిలబడి, నా కుర్చీ అంచు పట్టుకుని, ఊపిరి బిగబట్టి చూసేవాడు.

“అది నీ గీత. నా గీత వెయ్యి.”

“మీ గీత ఏదో మీరే వేసుకోండి అయితే!” అని ఒకసారి కుంచె విసిరేసి పైకొచ్చేశాను. సాయంత్రానికి తనే మెట్లెక్కి వచ్చాడు. అంతవరకూ పనిలో నువ్వని గద్దిస్తూ, పని అయ్యాక మీరని మర్యాద చూపించేవాడు. ఆ రోజు ఆయాసపడుతూ, “ఇకమీదట ఎప్పుడూ నువ్వనే అంటాను, నువ్వూ నన్ను నువ్వను” అన్నాడు. జర్మన్‌లో అంటే అన్నాను గానీ తెలుగులో ఆయన్ని నువ్వనడం నావల్ల కాదు. నా మనసులో మీరుగానే ఉండిపోయాడు.

పని మధ్యలో తన సంగతులు చెప్పేవాడు. రైన్‌కి అవతలి ఒడ్డున, ఫ్రాన్స్ వైపు పుట్టాడు. వాళ్ల నాన్న లాకుల దగ్గర తలుపులెత్తే పని చేసేవాడు. కుర్రతనంలోనే పారిస్ పారిపోయి ఒక పిల్లల వారపత్రికలో చేరాడు. అక్కడ ఒక పెద్ద ఆర్టిస్టు ఉండేవాడు, సర్కస్ గుర్రం బొమ్మల కథ గీసేవాడు. ఈయన పని ఆయన పేజీల మీద పెన్సిల్ చెరపడం, నేపథ్యంలో చెట్లూ గుడారాలూ వేయడం. ఒకరోజు ఆ పెద్దాయన హఠాత్తుగా పోయాడు. పత్రికవాళ్లు అంత్యక్రియల నుంచి వస్తూ దారిలోనే ఈయన్ని అడిగారట, గుర్రాన్ని నువ్వు గీస్తావా అని.

“గీశాను. ఆయన సంతకం కూడా నేనే పెట్టేవాణ్ని. అసలు ఆయన ఆ గుర్రాన్ని చంపేద్దామనుకున్నాడు, నాతో చెప్పాడు కూడా. నేను దాన్ని ఏళ్ల తరబడి పరిగెత్తించాను. జనం చప్పట్లు కొట్టారు. గుర్రం మాత్రం కళ్లు లేని దానిలా పరిగెత్తేది. నాకొక్కడికే తెలిసేది అది.” ఇంతవరకూ చెప్పి కిటికీ వైపు తిరిగాడు. “నా పడవావిడకి ఆ గతి పట్టనివ్వను.”

పత్రికలో ఒకసారి రెండు పేజీలు ఖాళీ వస్తే, వాటిని నింపడానికి పుట్టిందట పడవావిడ. తర్వాత పత్రిక మూతపడినా ఆమె ఆగలేదు. ఈ నది మీదే ఒక పడవలో జర్మనావిడ పరిచయమైంది, పెళ్లయింది, కార్ల్స్‌రూహెలో కాపురం పెట్టారు. జీవితమంతా ఈ ఒక్క బొమ్మతోనే గడిచింది, ఇంకేమీ చేతకాదు అనేవాడు.

ఇంట్లో మా ఆయనకి ఈ పని మింగుడుపడలేదు.

“ఆయన పేరు మీద నువ్వు గీసుడేంది? రేపు పబ్లిషర్‌కి తెలిస్తే నీ మీదికి రాదా?” అన్నాడు ఒకరోజు, లాప్‌టాప్ మూసి.

“రానీ. నేనేమన్న దొంగతనం చేస్తున్ననా?”

“మరేమంటరు దాన్ని? నీ పేరు యాడ ఉంది అందుల?”

ఆ రాత్రంతా మొహం మాడ్చుకుని తిరిగాను. మా ఆయన అన్నది తప్పని కాదు, ఒప్పని.

పని మాత్రం ఆపలేదు. శరదృతువు వచ్చేసరికి చివరి పేజీ ఒక్కటే మిగిలింది. ఒక సోమవారం నాటికి దాని స్కాన్ పారిస్ చేరాలి. సరిగ్గా దానికి ముందు శనివారం, ఊళ్లో ఒక పుస్తకాల షాపులో ఆయన కార్యక్రమం పెట్టారు. ఏవో సాకులు చెప్పి ఎన్నోసార్లు వాయిదా వేశాడు. ఈసారి పబ్లిషర్ దగ్గర ఆయన పుస్తకాలు చూసే ఎడిటరమ్మ తనే పారిస్ నుంచి వస్తానంది.

కార్యక్రమం అంటే అదేదో సంతకాలు పెట్టి పంపడం కాదు. ఫ్రెంచ్ బొమ్మల పుస్తకాల వాళ్లకి ఒక ఆనవాయితీ ఉంది. అభిమాని పుస్తకం తెరిచి ముందు పెడితే, ఆర్టిస్టు మొదటి పేజీలో అతని కళ్ల ముందే బొమ్మ గీసి ఇవ్వాలి. వరసలో ఎంతమంది ఉంటే అంతమందికీ గీయాలి. అందరూ చూస్తూ ఉంటారు. వారం రోజులు ఆయన ఒక కిటుకు సాధన చేశాడు. మణికట్టుని బల్ల అంచుకి గట్టిగా నొక్కిపెట్టి, ఊపిరి ఆపి, పడవావిడ ముఖం పక్క నుంచి నాలుగు గీతల్లో లాగేయడం. పొద్దుటి పూట అయితే పదింట ఎనిమిది బాగా వచ్చేవి. ఆ ధైర్యంతోనే ఒప్పుకున్నాడు.

శనివారం పొద్దున నేను దోసెలు వేస్తున్నాను. కొత్త పుస్తకంలోంచి కొన్ని పేజీలు తీసి పబ్లిషర్ వేసిన చిన్న బుక్‌లెట్ ఒకటి బల్ల మీద ఉంది. పాప దాన్ని తిరగేస్తూ జర్మన్‌లో అంది, “అమ్మా, ఈమె నీలాగ లెక్కపెడుతోంది!”

“ఏది?”

చూపించింది. ఇల్లు చేరేలోగా ఇంకా ఎన్ని లాకులు దాటాలో పడవావిడ లెక్కపెట్టే బొమ్మ అది. బొటనవేలు చిటికెనవేలి కణుపు మీద ఆనించి ఉంది. మనం కణుపులు లెక్కపెట్టినట్టు. ఇక్కడ ఏ మనిషీ అలా లెక్కపెట్టడు. బొటనవేలు ఎత్తి ఒకటి అంటారు, చూపుడువేలు ఎత్తి రెండు అంటారు. నలభై ఏళ్లుగా పడవావిడ కూడా అంతే. ఆ బొమ్మకి ఇంకు వేసిన రోజు ఆయన పెన్సిల్ మరీ అలుక్కుపోయింది, వేళ్లున్న చోట గడ్డి పరకలు ఉన్నట్టుంది. చెయ్యి తెలియకపోతే నీ చెయ్యే అద్దంలో చూసుకుని గీయి అని ఆయనే నేర్పాడు. ఆయన బల్ల పక్కన అద్దం ఎప్పుడూ ఉండేది. అద్దం ముందు చెయ్యి పెట్టి లాకులు లెక్కపెట్టాను. నా చెయ్యి దానికి వచ్చిన లెక్క అది లెక్కపెట్టింది.

దోసె పెనం మీదే మాడుతుంటే బుక్‌లెట్ పట్టుకుని కిందకి పరుగెత్తాను. ఆయన కోటు తొడుక్కుంటున్నాడు. బుక్‌లెట్ చూసి, తన చెయ్యి ఎత్తి, బొటనవేలితో కణుపులు వెతుక్కున్నాడు. ఆయన భార్య, ఆ పెద్దావిడ, గోడకి ఆనుకుని నిలబడిపోయింది.

“అచ్చయిపోయింది. పద” అన్నాడు. ముగ్గురం ట్రామ్ ఎక్కాం.

షాపులో వరస మెట్ల దాకా ఉంది. ఎడిటరమ్మ నా ఈడుదే, నిద్ర చాలని కళ్లు, మర్యాదస్తురాలు. ఆయన కుర్చీ పక్కనే నిలబడింది. నన్ను పై అంతస్తు అమ్మాయని పరిచయం చేశారు. మొదటి బొమ్మ బాగానే వచ్చింది. రెండోదీ వచ్చింది. ప్రతి గీతకీ నా పై ప్రాణాలు పైనే పోతున్నాయి. పెద్దావిడ ఆయన వీపు వెనక తన చేతిరుమాలుని పిప్పి పిప్పి చేస్తోంది. అలా చాలామంది గడిచారు. ఇక ఫరవాలేదు అనుకుంటుండగా, ఎర్రగా కమిలిన ముఖంతో ఒక ముసలి పడవవాడు బల్ల ముందుకు వచ్చాడు. జీవితమంతా రైన్ మీదే సరుకులు మోశానని చెప్పుకున్నాడు. పుస్తకంతో పాటు ఆ బుక్‌లెట్ కూడా తెరిచి పెట్టాడు.

“ఒక సంగతి అడగాలి. మా పడవావిడ ఇన్నేళ్లూ బొటనవేలితో మొదలుపెట్టేది. ఇదేం లెక్క?”

ఎడిటరమ్మ ముందుకి వంగి బొమ్మ చూసింది.

ముసలాయన తడుముకోలేదు. “పడవ ఎక్కిన వాళ్ల దగ్గర నేర్చుకుంది” అన్నాడు.

పడవవాడు సంతోషపడిపోయాడు. “అయితే నాకు ముఖం వద్దు. ఆ చెయ్యి గీసివ్వండి!”

ఆయన ఆ చెయ్యి ఎన్నడూ గీసి ఎరగడు. నాలుగు గీతల కిటుకు దానికి పనికిరాదు. పెన్ను కాగితం మీద పెట్టాడు, తీశాడు. ఆయన తల తిప్పి, అందరి ముందూ, నన్ను చూశాడు.

“ఇటు రా. చెయ్యి చూపించు.”

వెళ్లాను. ఇంకేం చేస్తాను? ఎడిటరమ్మ కళ్లు నా ముఖం మీదే ఉన్నాయని తెలుస్తూనే ఉంది. బొటనవేలు కణుపు మీద పెట్టి బల్ల మీద చెయ్యి చాపాను. ఆయన గీయడం మొదలుపెట్టాడు. మణికట్టు నొక్కిపెడితే వేళ్లు రావు, వదిలేస్తే చెయ్యి ఊగిపోతోంది. వదిలేశాడు. గీత వంకర్లు తిరిగింది, ఒక చోట కాగితం చివరికంటా జారిపోయింది. అయినా ఆపలేదు. నాకు ఏడుపొచ్చేస్తోంది, కదిలితే బొమ్మ పోతుందని పళ్లు బిగబట్టుకుని నిలబడ్డాను. చివరికి పెన్ను కింద పెట్టి, వరస మొత్తానికి వినబడేలా అన్నాడు, “నా చెయ్యి ఇప్పుడు ఇంతే. ఇలాగే కావాలన్నవాళ్లకి గీస్తాను.” ఇద్దరు ముగ్గురు పుస్తకాలు మూసుకుని వెళ్లిపోయారు. మిగతావాళ్లు నిలబడ్డారు. ఆయన ఆఖరి మనిషి దాకా గీశాడు.

బయట ట్రామ్ స్టాప్ దగ్గర ఎడిటరమ్మ నన్ను పట్టుకుంది. తన జర్మన్ నా జర్మన్‌కంటే మెరుగేం కాదు.

“పేజీలన్నీ మీరే వేశారా?”

“ఇంకు నేను వేశాను. బొమ్మ ఆయనది” అన్నాను, పొగరుగానే.

ఆవిడ అరవలేదు. అరిచి ఉంటే నాకు తేలికగా ఉండేది. “ఆయన గీతని ఇంత దగ్గరగా పట్టుకున్నవాళ్లని నేను చూడలేదు” అంది. “చివరి పేజీ పెన్సిల్ బొమ్మ ఫోటో కూడా లోపల చూపించాడు. ఆమె దిగి వెళ్లిపోతుందట. దాన్ని ఆయన చేత్తో ఇంకు వేస్తే అచ్చుకి పనికిరాదు. అప్పుడు వేరే చివరి పేజీ వేయించుకునే హక్కు నాకుంది. ఆమె మళ్లీ తాడు విప్పి బయల్దేరుతుంది. తర్వాతి పుస్తకాలు మీరు గీయండి. ఈసారి మీ పేరుతో, అట్ట మీద.”

“ఆ పేజీకి నేను ఇంకు వేసిస్తే?”

“ఇంకు ఎవరు వేయాలో ఒప్పందంలో లేదు. సోమవారంలోగా, ఆయన సంతకంతో, శుభ్రంగా వస్తే నేను అచ్చు వేయాల్సిందే. అప్పుడు ఆమె కథ అయిపోయినట్టే. మీదీ అయిపోయినట్టే.” ట్రామ్ వచ్చింది. ఎక్కబోతూ ఆవిడ తిరిగి, “నాకు చెడ్డపేరు వస్తుందని తెలుసు. కానీ ఆమెని చంపడానికి నాకు మనసు రావట్లేదు” అంది. ఆ మాట నిజమనే అనిపించింది.

ఇంటికొచ్చి మా ఆయనకి చెబితే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. “ఏం ఆలోచిస్తున్నవ్ ఇంకా? ఇన్నేండ్ల నుంచి లైడర్, లైడర్ అని ఏడ్చినవ్ గదా. నీ పేరు అట్ట మీద వస్తదంటే!”

“ఆయన బొమ్మ అది.”

“ఆయన చెయ్యి పోయింది. అది నీ తప్పా?”

తిట్టడానికి నోరు తెరిచి, తిట్టలేకపోయాను. ఎందుకంటే నాకూ కావాలి. చచ్చేంతగా కావాలి. వేరేవాళ్ల గీతలు కడిగీ కడిగీ నా వేళ్లు అరిగాయి. ఆ అట్ట మీద నా తెలుగు పేరు ఫ్రెంచ్ అక్షరాల్లో ఎలా ఉంటుందో వంట చేస్తూ కూడా ఊహించుకున్నాను. పడవావిడని ఎక్కడికి తీసుకెళ్లాలో కూడా అనుకున్నాను. సిగ్గేం లేదు చెప్పడానికి.

ఆదివారం పొద్దున కిందకి వెళ్లాను. చివరి పేజీ బల్ల మీద బిగించి ఉంది. ఉన్నదున్నట్టు చెప్పేశాను, ఎడిటరమ్మ అన్న ప్రతి మాటా. ఆయన విన్నాడు.

“గుర్రాన్ని గీస్తావా అని అడిగినప్పుడు నేను ఒక్క క్షణం ఆలోచించలేదు. ఆశ అంత ఉండేది. నువ్వు తీసుకుంటే నిన్ను ఏమీ అనను” అన్నాడు. “నీ చేతిలో ఆమెకి కళ్లుంటాయి కూడా. అయినా నాకు ఇష్టం లేదు. అది కూడా నీకు తెలియాలి.”

తర్వాత భార్యని పిలిచి, కోటు వేసుకుని, వాకింగ్‌కి వెళ్లిపోయాడు. నన్ను పేజీతో వదిలేసి తలుపు దగ్గరగా లాగాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎంత తెలివి! ఉంటే బతిమాలేవాడు, నేను కాదనేదాన్ని, సరిపోయేది. ఇప్పుడు నా మీద పడేసి పోయాడు. పైకి వెళ్లిపోదామని తలుపు దాకా నడిచాను కూడా. మళ్లీ వెనక్కొచ్చి పేజీ చూశాను.

పైన ఒడ్డు, ఖాళీ పడవ, దాన్ని కట్టిన రాట. కింద పెద్ద బొమ్మలో ఆమె వెనక నుంచి, సంచీ భుజాన వేసుకుని గట్టు ఎక్కుతోంది. పెన్సిల్ గీతలు ఒకదాని మీద ఒకటి పడి నల్లగా ముద్దయ్యాయి. చెరిపి మళ్లీ వేసీ వేసీ కాగితం పైపొర లేచింది. ఎన్ని పొద్దులు కూర్చుంటే ఆ ఒక్క వీపు అంత అయిందో! ఆమెని అలా పంపించడం కోసం ఆయన ఆ చేత్తో అంత కొట్టుకున్నాడు. నేనేమో నిన్నటి నుంచి ఆమెకి కొత్త కథలు కుట్టుకుంటూ కూర్చున్నాను.

కుంచె తడిపాను. రాట వేశాను, తాడు ముడి వేశాను, నీళ్లు వేశాను. వీపు దగ్గరికొచ్చేసరికి ఇంక వేయలేననిపించింది. ఈ ఒక్క గీత వేయకుండా లేచిపోతే చాలు, ఆమె నాది. కుంచె మళ్లీ ఇంకులో ముంచాను. తర్వాత ఆ ముద్దలోంచి ఒక్క గీత పట్టుకుని, మెడ నుంచి మడమ దాకా, ఆపకుండా లాగేశాను.

వాళ్లు తిరిగి వచ్చేసరికి ఇంకు ఆరిపోయింది. పెద్దావిడే ముందు చూసింది. బూట్లతోనే సోఫాలో కూలబడింది. ఆయన బల్ల దగ్గరికి వచ్చి పేజీ మీదకి వంగాడు.

“అయిపోయింది!” అని అరిచాను నేను, అరవాల్సిన అవసరం ఏమీ లేకపోయినా. “సంతకం పెట్టండి. ఇంక ఆమె జోలికి ఎవరూ రారు. నేను కూడా రాను.” ఆపైన ఏడుపు ఆగలేదు. చిన్నపిల్లలా శబ్దం చేసుకుంటూ ఏడ్చాను.

ఆయన ఎడమచేత్తో కుడిచెయ్యి పట్టుకుని సంతకం పెట్టాడు. కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. నాకు కృతజ్ఞతలు చెబుతాడనుకున్నాను.

“ఇది కావాలనే కదా ఇంత చేశాను” అన్నాడు, పేజీ మీంచి చూపు తిప్పకుండా. “ఇప్పుడు ఆమె ఎటు పోతుంది?”

నాకు తెలియదన్నాను.